అది నా మోటారు

1991 జనవరి 18, శుక్రవారం

యుద్ధం మొదలైంది. రేడియో చెప్పింది. సౌదీలో ఈ బురైదా దాకా రాదని మా కఫీల్, అంటే తోట యజమాని, అన్నాడు. ఆ మాట అని తన పిల్లల్ని కారెక్కించుకుని ఎటో పోయాడు. మమ్మల్ని తడి తువ్వాల ముక్కుకు కట్టుకోమన్నాడు. గ్యాస్ బాంబుకు అదే మందట.

రూములో అందరూ రియాద్‌కు నడిచి పోదామంటున్నారు. ఎంబసీ తలుపు కొడదామంటున్నారు. హన్మాండ్లు మంచం కింద దూరాడు. మాది ఒకే ఊరు. ఒకే రోజు విమానం ఎక్కాం. ఊర్లో ఇద్దరం కల్లుకు తాటిచెట్లు గీసినవాళ్లం. ఎంత ఎత్తు చెట్టయినా వాడు కిందికి చూసేవాడు కాదు. ఇప్పుడు దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాడు.

నాకూ భయమే. ఏం చేయాలో తెలియక బయటికి పోయి మోటారు పెట్టాను. ఈ రోజు ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టే రోజు. అది డీజిల్ ఇంజను. హ్యాండిల్ గట్టిగా తిప్పితే గాని లేవదు. డబడబమని లేచింది. కాసేపటికి ఒకడు పార పట్టుకుని వచ్చాడు. వాని వెనక ఇంకొకడు. రియాద్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

1991 జనవరి 22

హన్మాండ్లు ఇంకా బయటికి రాలేదు. రొట్టె మంచం కిందికే అందిస్తున్నాను. మోటారు ఆపొద్దని బతిమాలాడు. ఆ చప్పుడు వినబడితేనే బతికున్నట్టు తెలుస్తుందట. ఊర్లో ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. సరే అన్నాను. డీజిల్ అయిపోతుందని మాత్రం చెప్పాను.

1991 మే 3

హన్మాండ్లు ఎగ్జిట్ వీసా మీద ఊరికి పోయాడు. ఇక రాడు. పెట్టె నేనే మోశాను. ఈ ఎండాకాలం వాడు తాటికల్లు తాగుతాడు. నేను ఇక్కడ మజ్జిగ డబ్బా తాగుతాను.

1995 జులై 14

నా భార్య గౌరవ్వ దగ్గర్నుంచి క్యాసెట్ వచ్చింది. సెలవు మీద పోయినవాళ్లు ఇళ్లల్లో మాటలు నింపిన క్యాసెట్లు తెస్తారు. టౌన్ నుంచి ఇక్కడికి ఖాజావలి పట్టుకొస్తాడు. కడప మనిషి, ట్యాంకర్ డ్రైవర్.

మొదట మేక ఈనింది. తర్వాత బిడ్డ పుష్పకు దగ్గు. తర్వాత హన్మాండ్లు సర్పంచ్ అయ్యాడు.

మీటింగుల్లో యుద్ధం గురించి చెప్పాడట. బాంబులు పడుతుంటే ఒక్కడే బయటికి పోయి మోటారు పెట్టాడట. క్యాంపంతా తన వల్లనే బతికిందట. ఆడవాళ్లు ఏడ్చారట. గౌరవ్వకు కూడా కళ్లల్లో నీళ్లు తిరిగాయట.

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మోటారనే అన్నాడు. నా మోటారు.

1995 జులై 15

జవాబు నింపాలి. మోటారు దగ్గర కూర్చుని బటన్ నొక్కాను. నోరు రాలేదు. ఒక పక్కంతా ఇంజను చప్పుడే నిండింది. అదే పంపాను.

2001 ఆగస్టు 24

హన్మాండ్లు మండల ప్రెసిడెంట్ అయ్యాడు. జీపు వచ్చింది. మా గల్లీలో లైటు వేయించాడట. ఆ లైటు కింద కూర్చునే గౌరవ్వ ఈ క్యాసెట్ నింపింది. హన్మాండ్లు సారు అంటోంది. నన్ను ఏనాడూ సారు అనలేదు. అనాలని నేను అడగలేదు. కానీ వాణ్ణి అంటుంటే విన్నాను కదా.

వాడికి జీపు. నాకు మోకాళ్ల నొప్పి. ఈ రోజు చెట్టు మీద సగంలో ఆగి, దిగి, మళ్లీ ఎక్కాను.

2002 మార్చి 8

పేపర్లో వాడి ఫోటో వచ్చింది. మీసం పెంచాడు. బాగుంది. అదే బాధ.

2004 ఏప్రిల్ 9, శుక్రవారం

వాడికి ఎమ్మెల్యే టికెట్ ఇచ్చారు. గెలిస్తే మంత్రి అని ఖాజావలి అంటున్నాడు.

ఎలక్షన్ వస్తే లీడర్లకు గల్ఫ్ గుర్తొస్తుంది. ఇక్కడి మగవాడు ఫోన్‌లో ఏ గుర్తు చెబితే ఆ ఇంటి ఓట్లన్నీ అటే పడతాయని లెక్క. అందుకే ఈ రోజు హన్మాండ్లు మా క్యాంపుకు ఫోన్ చేశాడు. స్వామి మా పక్క ఊరి పిల్లగాడు, మొన్న వచ్చాడు. తన మొబైల్ స్పీకర్ పెట్టి బోర్లించిన గిన్నె మీద ఉంచాడు. మటన్ వండిన రోజు. అందరూ చుట్టూ కూర్చున్నారు.

వాడి గొంతు లావైంది. ఒక్కొక్కరిని తండ్రి పేరుతో పలకరించాడు. తర్వాత యుద్ధం చెప్పాడు. తర్వాత మోటారు. ఆ యుద్ధం నాటికి బడికి పోయే పిల్లలు వీళ్లు. ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నారు.

స్వామి నా వైపు తిరిగాడు.

“దేవన్న కాకా, నువ్వప్పుడు ఈడనే ఉంటివి గద. నిజమేనా?”

ఫోన్‌లో ఊపిరి వినబడింది. మంచం కింద విన్న ఊపిరే. నోట్లో అన్నం ఉంది. మింగాను.

“మోటారు పెట్టింది నేను,” అన్నాను.

ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

“నోరు తెరవాలంటేనే భయం గదప్పా నీకు,” అన్నాడు ఖాజావలి. “బాంబుల్లో మోటారు పెట్నావా?”

అప్పుడు ఫోన్ మాట్లాడింది.

“నవ్వకుండ్రి. దేవన్న పెద్దమనిషి. ఆయన పెట్టిన అంటే పెట్టినట్టే.”

ఎంత పెద్ద మనసు అని అందరూ తలలూపారు. అన్నం తిన్నాక ఒక్కొక్కరే ఇంటికి ఫోన్ చేశారు. నా ముందే వాడి గుర్తు చెప్పారు. నిజం చెప్పి వాడికి ఇంకొన్ని ఓట్లు వేయించాను.

మంచం సంగతి నాలుక దాకా వచ్చింది. మాట ఇచ్చి ఉన్నాను. దిక్కుమాలిన మాట.

2004 ఏప్రిల్ 10

గౌరవ్వకు ఫోన్ చేశాను. ఓటు గురించి నేనేమీ అనలేదు. తనే అడిగింది. నీ ఇష్టం అన్నాను. మోటారు సంగతి చెప్పాను. తెలుసు అంది.

“మాటల్లేని క్యాసెట్ పంపితివి గద. ఆ దినమే తెల్సింది. భయమైతె నువ్వు పని చేస్తవ్. ఆయన మాట్లాడ్తడు.”

ఓటు మాత్రం ఆయనకే వేస్తుందట. గల్లీలో లైటు వేయించింది ఆయనే కదా అంది.

2004 మే 11

ఓడాడు.

సంతోషం రావాలి. టీ పెట్టుకుని ఎదురుచూశాను. కొంచెం వచ్చింది. టీ చల్లారక ముందే పోయింది.

2004 మే 14, తెల్లవారుజాము ఫజర్ అజాన్ తర్వాత

స్వామి ఫోన్ తెచ్చి ఇచ్చాడు. హన్మాండ్లు. ఎలక్షన్ మాట ఎత్తలేదు. మోటారు వినిపించమన్నాడు.

ఎవరి మోటారు అని అడిగాను.

“నీదే, అన్నా.”

హ్యాండిల్ తిప్పాను. ఫోన్ ఇంజను పక్కన పెట్టాను. చివరి చెట్టుకు నీళ్లు పారించి వచ్చేసరికి వాడు ఇంకా కట్ చేయలేదు.