నా పాత నాలుగు మార్కులు రద్దు చేయాలని

క్రీడా వైద్య మండలి కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇరవై రెండేళ్ల కిందట జ్ఞాపకశక్తి పరీక్షలో నేను కావాలని పోగొట్టుకున్న మార్కులను సరిదిద్ది, నన్ను కొత్త మెదడు పరీక్షకు పంపుట గురించి.

1. నేను మాజీ బాక్సర్‌ను, ప్రస్తుతం శిక్షకుడను. పదకొండేళ్లు తలపై దెబ్బలు తింటిని. ఇప్పుడు పొయ్యి మీద పాలు, జేబులో తాళాలు మరచుచున్నాను. పోయిన నెల మా వీధిలోనే నిలబడి మా ఇల్లెక్కడని ఒకావిడను అడిగితిని. ఆవిడ మా ఆవిడే.

2. దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు ఆనవాళ్లను మనిషి బతికుండగానే వెతికే పరీక్ష వచ్చినదని విని దరఖాస్తు చేయగా, తమ గుమాస్తాగారు నా పాత కాగితం తీసి, "అప్పుడు పది మాటల్లో నాలుగు గుర్తుంచుకున్నారు, ఇప్పుడూ నాలుగే. వెంట్రుకవాసి తగ్గలేదు. మీకేమండీ, గుండ్రాయిలా ఉన్నారు!" అని తిప్పి పంపిరి.

3. అయ్యా, అవి దొంగ నాలుగు. సీజను ముందు పరీక్షలో తక్కువ చెబితే, దెబ్బ తగిలాక మళ్లీ పరీక్షించినా తేడా కనబడదు, ఆట ఆపరు. మా జిమ్ములో అందరూ అదే చేసేవారు. నాకప్పుడు పదీ వచ్చు. ఇప్పటి నాలుగు మాత్రం నిజాయితీగా చెమటోడ్చి తెచ్చుకున్నవి.

4. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరుకొందును. కానీ ఈ కిటుకు నా దగ్గరే బాక్సింగు నేర్చుకున్న మా అమ్మాయికి నేనే నేర్పాను. తాడిని తన్నేవాడి తల తన్నేవాడుంటాడు గదా, అది మూడే చెప్పి వచ్చి, "నీకంటే ఒకటి తక్కువ నాన్నా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. పోయిన వారం పోటీలో దెబ్బ తిని, గంట కొట్టాక తన మూల ఏదో మరచి, ఎదుటి పిల్ల మూలకు పోయి కూర్చుంది. పరీక్షిస్తే మళ్లీ మూడు. డాక్టరుగారు "భేష్, ఆడొచ్చు" అన్నారు. ఆ మూడు దొంగవో నిజమైనవో నాకు తెలియదు. భయంగా ఉందయ్యా. "మానెయ్యవే తల్లీ" అంటే, "నువ్వు బాగానే ఉన్నావని ఆఫీసువాళ్లే చెప్పారుగా!" అంటోంది.

5. కావున వచ్చే నెల పోటీలోపు నన్ను పరీక్షింపజేసి, నాకేమైనదో కాగితం మీద ఇప్పించగలరు. మా అమ్మాయికి చూపిస్తాను.

నా కోసం కాకున్నా, ఆ పిల్ల కోసమైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మాజీ బాక్సర్

తా.క.: అయ్యా, నేను ఆయన భార్యను. ఈ అర్జీ ఆయన ఇప్పటికే రెండుసార్లు ఇచ్చారు. మూడోసారి కూడా విసుక్కోకుండా తీసుకోండి. మీ కాగితం వచ్చేదాకా అమ్మాయి గ్లవ్స్ దాచేశాను. ఎక్కడ దాచానో ఆయనకి రోజూ చెప్తూనే ఉన్నాను. రహస్యం బయటపడుతుందన్న భయం లేదు.