స్కిప్పర్ తోటలోకి పోయిన వారం

సెప్టెంబర్ 11, సోమవారం

స్కిప్పర్ లేదు.

రేవులో టికెట్ల డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గాజుపెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది, రాయి వెచ్చగా ఉంది, దాని మీద తొండ లేదు. పొద్దున మిడతలు వేసి గడియ పెట్టడం మరిచిపోయి ఉంటాను. సోఫా కింద, ఫ్రిజ్ వెనక, బూట్లలో కూడా చూశాను. తోట తలుపు ఓరగా తీసి ఉంది.

అత్తయ్య కుర్చీలోంచి కదల్లేదు. "పోతే పోయింది, అదేమన్నా కుక్కా, పిల్లా" అంది.

అది నా భార్య నింకె పెంచుకున్నది. నింకె పోయి రెండేళ్ళు. ఈ ఇంట్లో మిగిలింది నేనూ, వాళ్ళమ్మా, ఆ తొండా.

సెప్టెంబర్ 12, ఉదయం 6

రాత్రి తొమ్మిది డిగ్రీలు. స్కిప్పర్‌ది ఆస్ట్రేలియా ఎడారి జాతి.

సెప్టెంబర్ 12, సాయంత్రం

సెలవు పెట్టాను. పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, దూరం పోదు, ఎండపొడ తగిలే చోట్లే చూడండి అంది. చలికి బిగుసుకుపోతే చచ్చిందనుకుని వదిలెయ్యొద్దంది. హీటరు దగ్గర కూడా పెట్టొద్దట, ముందు ఒంటి వేడి చాలట.

వీధి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. పక్కింటి ఊబెలె, దొరికితే వేపుడా పులుసా అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు. గంట తర్వాత చూస్తే, ఆ మనిషే మా కంచె కింద బురదలో బోర్లా పడుకుని వెతుకుతున్నాడు.

సెప్టెంబర్ 13

రోజంతా వాన. అత్తయ్య సూపు ముట్టలేదు.

సెప్టెంబర్ 14, గురువారం

పొద్దున కాఫీ పోస్తుంటే అత్తయ్య అంది: "గడియ నువ్వు మరిచిపోలేదు ఫోల్కర్ట్. నేనే తీశాను."

నాకు అర్థం కాలేదు. కప్పులోకే చూస్తూ మిగతాది చెప్పింది. నేను డ్యూటీకి వెళ్ళాక రోజూ దాన్ని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంటుందట. ఎండ ఉంటే తోటలో కూర్చుంటారట ఇద్దరూ. సోమవారం కునుకు పట్టింది. లేచేసరికి ఒళ్ళో శాలువా ఒక్కటే ఉంది.

"మీకు దాన్ని చూస్తేనే అసహ్యం కదా" అన్నాను.

"అసహ్యమే. కానీ కదలకుండా వింటుంది. దానికి నింకె సంగతులు చెప్పుకుంటాను. నీకు చెప్పబోతే నువ్వు లేచి కిటికీ దగ్గరికి పోతావు."

నేను నిజంగానే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకుంది. కోపం రావాలి. రాలేదు. వచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఏం చెప్పేవారు దానికి, అని అడిగాను.

మధ్యాహ్నం దాకా చెప్పింది. నింకె తొమ్మిదేళ్ళప్పుడు జేబులో కప్పను పెట్టుకుని చర్చికి వెళ్ళిందట. పాట మధ్యలో అది అరిచిందట. పదహారేళ్ళు కాపురం చేశాను, ఇది నాకు తెలియదు.

సెప్టెంబర్ 15, శుక్రవారం

ఎండ వచ్చింది. పదకొండింటికి ఊబెలె ఫోన్. "మా కంపోస్టు డబ్బా మూత మీద బెరడు ముక్క ఒకటి పడుంది. దానికి కాళ్ళున్నాయి."

చెప్పులు లేకుండా పరిగెత్తాను. నల్లగా అయిపోయింది. పట్టుకుంటే చెక్కలాగే ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. చచ్చిందనుకుని ఊబెలె టోపీ తీసేశాడు. వేసుకో బాబూ, ఇంకా ఏం కాలేదు, అన్నాను.

నేను లోపలికి రాగానే అత్తయ్య స్వెటర్ గుండీలు విప్పింది. "ఇలా తే." తీసుకుని గుండెకి ఆనించుకుంది, శాలువా కప్పింది. అంత చల్లటిది తగిలినా ఉలిక్కిపడలేదు.

"నింకె ఏడో నెలలోనే పుట్టింది. ఆసుపత్రి బండి వచ్చేదాకా ఇలాగే పెట్టుకున్నాను. ఇంతే ఉండేది" అంది.

నేను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఊబెలె గుమ్మంలో నిలబడ్డాడు, బూట్లకి బురద ఉందని లోపలికి రాడు. పన్నెండున్నర. ఒంటిగంట.

ఒకటీ ఇరవైకి అత్తయ్య అంది: "గోరు గుచ్చుతోంది."

సెప్టెంబర్ 16

రంగు తిరిగింది. ఒక మిడత తింది.

సెప్టెంబర్ 24, ఆదివారం

ఇవి ఎన్నేళ్ళు బతుకుతాయని అత్తయ్య అడిగింది. పన్నెండు దాకా, అన్నాను. దీనికి ఆరు.

వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "అప్పటికి నాకు తొంభై" అంది.

చేతికర్ర తెమ్మంది. వీధి చివర పోస్టు డబ్బా దాకా నడిచి వచ్చింది. ఒక్కతే. రేపు గట్టు దాకా వెళ్తుందట.