బోరు నీళ్లలో గులాబీ రంగు

మంగళవారం, రాత్రి

పోయిన నెల పంచాయతీవాళ్లిచ్చిన నీటి పరీక్ష పెట్టెతో ఈరోజు మా వీధి బోరు నీళ్లు చూశాను. నైట్రేట్‌ను పట్టే మందు కలపగానే గొట్టంలో నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి. మళ్లీ చేసినా అంతే. మిరప చేలల్లో చల్లిన యూరియా నేలలోకి దిగి, నీళ్లలో నైట్రేట్ హద్దు మించిందన్నమాట.

వదిన ఆ నీళ్లతోనే రెండు నెలల బిడ్డకు డబ్బాపాలు కలుపుతోంది. పరుగెత్తాను.

"ఆ నీళ్లు పొయ్యొద్దు వదినా!"

"కాచి చల్లార్చే పోస్తన్నాగా అమ్మాయ్."

"కాస్తే నైట్రేట్ పోదు వదినా, ఇంకా ఎక్కువవుద్ది!"

బిడ్డను వాకిట్లోకి తెచ్చి చూశాను. పెదాలు, గోళ్లు నీలంగా ఉన్నాయి. నైట్రేట్ పసిబిడ్డల రక్తానికి ఆక్సిజన్ అందనివ్వదని పెట్టెతో ఇచ్చిన కాగితంలో చదివాను.

ఆటోలో సత్తెనపల్లి తీసుకెళ్లాం. డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ చేసి, "పొద్దుటిదాకా ఏం చెప్పలేనమ్మా" అన్నారు. అన్నయ్యా వదినా అక్కడే ఉన్నారు. వీధిలో అందరికీ చెప్పాలని నేను తిరిగొచ్చాను. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఇప్పుడు ఫోను వైపు చూడాలంటేనే భయంగా ఉంది.

వచ్చేముందు వదిన నా చేతులు పట్టుకుని, "నువ్వు చూడబట్టే తెలిసింది" అని ఏడ్చింది.

ఆ బోరు పోయిన నెలలోనే చూడాల్సింది. ఎండగా ఉందని మానేశాను. ఆ మాట వదినతో అనలేకపోయాను.