నలభై ఎడమ చేతులు

బుధవారం

అమ్మగారి సముఖానికి,

కటింగు మాస్టరు భయభక్తులతో రాసుకునేది. భక్తి ఎప్పుడూ ఉన్నదే. భయం మాత్రం మొన్న సాయంత్రం నుంచి ఎక్కువైంది.

నాకు జ్వరం వచ్చింది. ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చించాను. మీ నాన్నగారు ఈ కుట్టు కార్ఖానా పెట్టిన నాటి నుంచి, ఇరవై ఆరేళ్ళుగా, నేను ఒక్క పూట మానలేదు. పన్ను పీకించుకున్న రోజు కూడా దవడకి గుడ్డ కట్టుకుని కాలర్లు కోశాను. ఇప్పుడు సుద్దముక్క పట్టుకుంటే గీత వంకర్లు పోతోంది. మీ ఎదుట నిలబడి అడగాలంటే నోరు పెగలదు. అందుకే మా ఆవిడ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఇంకో భయం కూడా ఉంది. యజమానులు జబ్బు సెలవు ఇచ్చి తీరాలని ఏదో చట్టం రాబోతోందట. మనవాళ్ళు ఆ వార్త ఉన్న పేపరుని బట్టల గది తలుపు వెనక నక్కి చదువుతున్నారు. ఆ చట్టం చూసుకునే నాకు జ్వరం వచ్చిందని మీరు అనుకుంటారేమో! ఒట్టు, ఈ జ్వరానికి రాజకీయాలు తెలియవు.

నాన్నగారు పోయి మీరు ఆ కుర్చీలో కూర్చుని మూడు నెలలైనా కాలేదు. అప్పుడే సెలవు అడగాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది. నాలుగు రోజులు ఇప్పించండి చాలు. నా బల్ల మాత్రం నాకు ఉంచండి. ఈ వయసులో నన్ను ఇంకెవరూ తీసుకోరు.

ఇట్లు
మీ విధేయుడు,
కటింగు మాస్టరు

తా.క.: చట్టం వచ్చేదాకా ఆగమంటే జ్వరాన్ని ఎలాగో బతిమాలుకుంటాను. దగ్గు మాత్రం నా మాట వినదు.

గురువారం

కటింగు మాస్టరు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి కంగారుపడ్డాను. నాలుగు రోజులు కాదు, ఎన్ని రోజులైనా తీసుకోండి. డాక్టరుని పంపిస్తున్నాను. మీ బల్ల ఎవరూ ముట్టుకోకుండా దాని మీద తెల్లగుడ్డ కప్పించాను.

ఒక్క సంగతి అడగాలి. మీరు చట్టం ఊసు ఎందుకు ఎత్తారు? ఎవరైనా రాయమన్నారా? నేనూ ఆ ముసాయిదా తెప్పించుకున్నాను. పద్దెనిమిది పేజీలుంది. యజమాని అన్న మాట వచ్చిన ప్రతిచోటా పక్కనే శిక్ష అన్న మాట ఉంది. నాలుగో పేజీ నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మీ ఉత్తరం బీరువాలో పెట్టి తాళం వేశాను. నా ఉత్తరాన్ని మీరూ భద్రంగా దాస్తారని తెలుసు. అందుకే తప్పులు లేకుండా, గుండ్రంగా రాస్తున్నాను.

ఉంటాను,
కార్ఖానా యజమానురాలు

తా.క.: మంగళవారం పొద్దున మీ బల్ల మీద ఏమైనా చూశారా? చూడకపోతే ఈ వాక్యం చదవనట్టే అనుకోండి.

శుక్రవారం

అమ్మగారికి,

కటింగు మాస్టరు మంచం మీద నుంచి దణ్ణం పెట్టి రాసేది.

మీ ఉత్తరం అందింది. చదివాక జ్వరం ఒక డిగ్రీ పెరిగింది. చిన్నప్పుడు గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నన్ను 'కత్తెర బాబాయ్' అని పిలిచిన పిల్ల ఇప్పుడు 'మాస్టరు గారు' అంటోందంటే నాకు ఏదో మూడిందన్న మాటే. మనిషిని గెంటేసే ముందు మర్యాద పెరుగుతుందని విన్నాను.

మీరు పంపిన డాక్టరు వచ్చాడు. నాలుక చాపమన్నాడు, చూసి ఏదో రాసుకున్నాడు. నాలుకలో రాసుకోవడానికి ఏముంది? ఎక్కువ మాట్లాడుతుందనా? 'ఎన్నాళ్ళ నుంచి పని చేస్తున్నారు?' అని కూడా అడిగాడు. అది మందుల ప్రశ్న కాదని మా ఆవిడ అంది.

ఇక తెల్లగుడ్డ. అమ్మగారూ, నేనింకా బతికే ఉన్నాను. బతికుండగానే బల్లకి గుడ్డ కప్పితే ఎలా?

నన్నెవరూ రాయమనలేదు. మంగళవారం నేనేమీ చూడలేదు. అసలు మంగళవారం నాకు కళ్ళే సరిగ్గా కనబడలేదు. మీరూ ఆరోగ్యం చూసుకోండి. పోయిన వారం నా పక్కన నిలబడి కాలర్ కోత చూస్తూ తెగ దగ్గారు.

వణుకుతూ,
మీ మాస్టరు

తా.క.: నేనేమీ చూడలేదన్న సంగతి మా ఆవిడ దగ్గర అనకండి. చూసినదంతా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పేశాను.

శనివారం

మాస్టరు గారికి నమస్కారం.

మీరేమీ చూడలేదని చదివాక నా ప్రాణం లేచి వచ్చింది. తాజాకలం చదివాక మళ్ళీ పోయింది.

అయినా నేనేమీ అడగను. జబ్బు మనిషిని గుచ్చి గుచ్చి ప్రశ్నలు అడగకూడదని పదకొండో పేజీలో ఉంది. మొన్నటి ఉత్తరంలో నేను మూడు అడిగేశాను. ఆ మూడూ వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఎవరికైనా ఫిర్యాదు చేస్తే ఈ సంగతి కూడా దయచేసి చెప్పండి.

మీ మనసు కుదుటపడాలని ఒక చిన్న పని చేశాను. మీ కత్తెరకి సాన పట్టించి, మన దగ్గరున్న వాటిలో మంచి కొత్త గుడ్డలో చుట్టి, మీ ఆవిడ చేతే పంపుతున్నాను. చూస్తే సంతోషిస్తారని ఆశ.

ఉంటాను,
యజమానురాలు

తా.క.: రావడానికి తొందరేమీ లేదు. అసలు లేదు.

ఆదివారం

అమ్మా,

కత్తెర అందింది.

మీకు తెలిసి చేశారో తెలియక చేశారో నాకు తెలియదు. నాన్నగారు ఎవర్నీ నోరు తెరిచి పొమ్మనేవారు కాదు, ఆయనకి మొహమాటం. ఆ మనిషి కత్తెరకి సాన పట్టించి, కొత్త గుడ్డలో చుట్టి ఇంటికి పంపేవారు. అంతే. ఆ మనిషి మళ్ళీ గడప తొక్కేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళలో అలాంటి మూటలు ఆరు చూశాను. వాటిలో నాలుగు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఏడోది నా ఇంటికే వస్తుందనుకోలేదు. మూట విప్పి చాలాసేపు ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

సరే, తప్పు నాదే. దాచి ఏం లాభం? మంగళవారం పొద్దున వచ్చేసరికి నా బల్ల మీద కోసిన చేతులున్నాయి. ఇరవై పొడుగు చేతుల చొక్కాలకి ఇరవై కుడి, ఇరవై ఎడమ ఉండాలి కదా. నలభైకి నలభై ఎడమవే! గుడ్డని ముఖానికి ముఖం పెట్టకుండా, అన్నీ ఒకే వైపుకి పరిచి కోస్తేనే అలా అవుతుంది. పని నేర్చుకున్న మొదటి వారంలో కూడా నేను ఆ తప్పు చేయలేదు. సోమవారం సాయంత్రం ఒళ్ళు తెలియని జ్వరంలో నేనే కోసి ఉంటాను. గుర్తు కూడా లేదు. భయపడి, బల్ల కింద పీలికల గోనెలో కుక్కేశాను.

నన్ను తీసేయకండి. కోత వద్దంటే గుండీలు కుడతాను. అదీ వద్దంటే దారాలు ఏరుతాను. నాకు ఇంటి తర్వాత తెలిసిన చోటు ఆ బల్ల ఒక్కటే.

మీ దయ,
కత్తెర చేతికొచ్చినవాడు

తా.క.: మా ఆవిడ కంటికి ఏడుపూ, దిండు గలీబూ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మూట కట్టిన గుడ్డ గలీబుకి పావు మీటరు తక్కువైందని రాయమంది. రాశాను. నా మాట ఎలాగూ చెల్లదు, ఆవిడ మాటైనా చెల్లనివ్వండి.

మంగళవారం

కత్తెర బాబాయ్‌కి,

ముందు ఆ కత్తెర తిరిగి తీసుకురా. ఆ మూట సంగతి నాకు నిజంగా తెలియదు. నాన్న చెప్పలేదు. ఆయన ఏదీ చెప్పలేదు బాబాయ్, కుర్చీ ఇచ్చి వెళ్ళిపోయాడు.

చట్టం వాయిదా పడింది. దాన్ని సభలో పెట్టాల్సిన పెద్దమనిషి జ్వరమొచ్చి పడుకున్నాడట. ఇక పద్దెనిమిది పేజీలు నన్నేమీ చేయలేవు కాబట్టి నిజం చెబుతున్నాను.

ఆ నలభై చేతులూ కోసింది నేను.

కోత రాని యజమానిని చూసి మీరంతా చాటుగా నవ్వుకుంటారని నాకు మొదటి రోజు నుంచి భయం. అందుకే నెల రోజులుగా, అందరూ వెళ్ళాక, నీ బల్ల దగ్గర కోసి నేర్చుకుంటున్నాను. నీకంటే ముందు వారమే నాకు జ్వరం తగిలింది. నాన్న ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు కదా, నేను పెడితే పెద్దాయన కూతురు ఇంతేనా అంటారని రోజూ వచ్చాను. నీ మొహం మీదే దగ్గాను. ఆ సోమవారం సాయంత్రం కళ్ళు తిరుగుతుండగా ఆ చేతులు కోశాను. పొద్దున చూస్తే మాయమయ్యాయి. నువ్వు చూశావని, ఆ ఉత్తరాలతో నన్ను పట్టిస్తావని వణికిపోయాను. నీ జ్వరం నాది, నీ తప్పూ నాదే. నేను చేసిన తప్పుకి నువ్వు అంత ఏడ్చావంటే నేను తల ఎత్తుకోలేకపోతున్నాను.

చట్టం వచ్చినా రాకపోయినా మన కార్ఖానాలో జబ్బు సెలవు ఇవాళ్టి నుంచే ఉంది. తలుపు మీద నేనే రాసి అంటించాను.

ఇప్పుడు నా గోడు. ఆ జ్వరం నాకు మళ్ళీ తిరగబెట్టింది. డాక్టరు నాలుగు రోజులు పడుకోమన్నాడు. యజమాని ఎవర్ని సెలవు అడగాలో పద్దెనిమిది పేజీల్లో ఎక్కడా రాయలేదు. కార్ఖానాలో నాకంటే పెద్దవాడివి నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను. నాలుగు రోజులు సెలవు ఇప్పించు. ఒప్పుకోకపోతే మాట్లాడక్కర్లేదు, నా కత్తెరకి సాన పట్టించి పంపు. నాకు అర్థమవుతుంది.

భయపడుతూ,
నీ గుండీల పిల్ల

తా.క.: పిన్నికి పావు మీటరు పంపుతున్నాను. దిండుకి కుడీ ఎడమా ఉండవు కదా అని ధైర్యంగా నేనే కోశాను.