మూడో గుక్కకు మైల

బెల్లంపల్లి,
9 ఏప్రిల్ 1957

మంథని బస్టాండు ఎదుట హోటలు నడిపే బుచ్చిరాములు సేటుకు,

నువ్వు నేరస్థుడివి. క్షేమసమాచారాలు అడిగి, ఆ తర్వాత మెల్లగా చెప్పే అలవాటు నాకు లేదు. అందుకే మొదటి వాక్యంలోనే చెప్పేశాను.

మొన్న ఆదివారం నీ హోటల్లో బల్ల మీద కూర్చుని పింగాణి కప్పులో చాయ తాగుతున్నాను. తెల్ల ధోతి, జేబులో కలం, చేతిలో పత్రిక. "జర పైలం సార్, వేడిగున్నది" అని నువ్వే అన్నావు. రెండు గుక్కలు తాగాను. అంతలో బట్టల కొట్టు బాబు మియా రోడ్డు మీదినుంచి నన్ను చూశాడు. "ఏం రాయమల్లూ, మీ బాపు కుట్టిన చెప్పులు పదేండ్లయినా తెగుతలేవు" అన్నాడు. పాపం, మెచ్చుకున్నాడు. నువ్వు వచ్చి నా చేతిలోని కప్పు గుంజుకున్నావు. మిగిలిన చాయను గుమ్మం బయట మేకుకు వేలాడే సొట్టల రేకు గిలాసలో పోశావు. బయట నిలబడి తాగి, కడిగి, మళ్లీ ఆ మేకుకే తగిలించి పొమ్మన్నావు.

అదే చాయ, అదే నోరు. రెండో గుక్క దాకా శుభ్రంగా ఉన్న నోరు మూడో గుక్కకు మైలపడింది. ఈ మధ్యలో నా ఒంట్లో ఏమీ మారలేదు. నీ చెవిలో ఒక మాట పడింది, అంతే. కాబట్టి మైల నా పెదవుల మీద లేదు, నీ చెవిలో ఉంది. ముందు చెవి కడుక్కో.

అంటరానితనం నేరమని చట్టం వచ్చి రెండేండ్లు కావస్తోంది. పది రోజుల్లో జవాబు రాయి.

ఇట్లు, నీ రేకు గిలాసలోని చాయను నేల మీద పారబోసి వచ్చిన
రాయమల్లు,
గని కార్మికుల సంఘం

తా.క.: చాయలో చక్కెర తక్కువ. అది వేరే నేరం.


మంథని,
16 ఏప్రిల్ 1957

మహారాజశ్రీ రాయమల్లు దొరవారి సముఖానికి, బుచ్చిరాములు వంగి దండం పెట్టి రాసేది,

మీ కాగితం మీది ఎర్ర ముద్ర చూసి లేచి నిలబడి చదివిన. మీరు గింత పెద్ద ఆఫీసరని నాకు ఎర్కలేదు. తప్పంత ఆ బాబు మియాది. మీ అసొంటి పెద్దమనిషిని పట్టుకొని చెప్పులు కుట్టేటోని కొడుకంటడా? నిండు బజార్ల బద్నాం చేస్తడా? ఆయనను హోటల్ గడప తొక్కనిస్తలేను. నాలుగొద్దుల సంది చాయ లేక పరేషాన్ అయితుండు.

రేకు గిలాసకు సొట్టలున్నయని రాసిన్రు. నిజమే. పెద్దపల్లికి పోయి కొత్త ఎనామిల్ గిలాసలు తెచ్చిన, తెల్లగ మెరుస్తయి, నీలం అంచువి. మేకుకు తగిలిచ్చిన. ఇగ బయట తాగెటోళ్లకు గూడ మంచిగనే ఉంటది. మీ హుకుం ప్రకారం చెవి గూడ కడుక్కున్న. రెండు చెవులు.

దయగల దొరలు ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యాలె.

తమరి నౌకరు
బుచ్చిరాములు

తా.క.: చక్కెర పెంచిన. ఒక్క మాట, కోపం చేసుకోవద్దు. మీరేమిటోళ్లు సార్? మళ్ల గిసొంటి పొరపాటు కాకుండ యాదుంచుకుంట.


బెల్లంపల్లి,
24 ఏప్రిల్ 1957

సేటుకు నమస్కారం. ఇది నీ ఓపికకే గాని, నీ తెలివికి కాదు.

నేను ఆఫీసరును కాను. సంఘంలో రాతకోతలు చూసేవాణ్ని. ఆ ముద్ర సంఘానిది. బాబు మియా అబద్ధం ఆడలేదు. మా బాపు మాదిగ, చెప్పులు కుట్టాడు. నేనూ మాదిగనే. నువ్వు పొరపాటు పడలేదు సేటూ, సరిగ్గానే గుర్తుపట్టావు. నీ నేరమే అది. ఆఫీసరుకు పొరపాటున జరిగిందని ఏడుస్తున్నావు, మాదిగకు కావాలని చేస్తే మాత్రం నీకు ఏడుపు రావడం లేదు. బాబు మియాకు వెంటనే చాయ పోయి.

నీ హోటలు వెనక బావిలో నీళ్లు తోడే తోలు బొక్కెన ఎవరు కుట్టారో తెలుసా? మా బాపే. రోజూ పొద్దున ఆ తోలులోంచే నీ చాయకు నీళ్లు వస్తాయి. మా చేతులు తాకిన తోలుకు లేని మైల మా మూతి తాకిన గిలాసకు ఎక్కడినుంచి వచ్చింది? ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఎవడో కల్పించాడు, నువ్వు రోజూ మేకుకు తగిలిస్తున్నావు.

ఇప్పుడు అసలు సంగతి. జూన్ పదిన నా బిడ్డ బాలలక్ష్మి మంథని బడిలో పంతులమ్మగా చేరుతుంది. నేను పనికోసం విడిచి వచ్చిన మంథనిలోని మా మాదిగవాడలో ఇంతవరకు పంతులమ్మ అయిన ఆడపిల్ల లేదు. బస్సెక్కితే దానికి తల పగిలిపోతుంది, చాయ పడితేనే నిలబడుతుంది. దిగగానే ఎదురుగా నీ హోటలే. రేపు తన దగ్గర చదువుకోబోయే పిల్లలు చూస్తుండగా, నువ్వు నా బిడ్డ చేతికి ఏ గిలాస ఇస్తావు? నాకు ఈ ఒక్క జవాబు చాలు.

నీతో తగువు మాననివాడు
రాయమల్లు

తా.క.: చెవి నిజంగానే కడుక్కున్నావా? నీతో వెటకారం కూడా ఆడలేం.


మంథని,
14 మే 1957

రాయమల్లన్నకు,

మొదలు దొరవారని రాసి కొట్టేసిన. తర్వాత రాయమల్లుగా అని రాసిన. అది గూడ బాగనిపియ్యలే, కొట్టేసిన. ఇప్పటికి అన్న అని రాస్తున్న.

నువ్వు నన్ను మంచిగ ఇరికిచ్చినవ్. పోయిన వారం భూముల లెక్కలు చూసే కొత్త గిర్దావరు సాబు వచ్చిండు. పింగాణి కప్పుల చాయ పెట్టిన. ఆయన మేకు మీది నీలం అంచు గిలాసలు చూసి, "ఏం సేటూ, మంచియి అటు దాచి మాకు బీటలు వారిన కప్పులా? అవెవరికి?" అన్నడు. ఈ ఊరికి కొత్త, మేకు సంగతి ఆయనకు తెల్వది. ఎట్ల చెప్పాలె? నా నోట్లకెళ్లి "స్పెషల్, సాబ్" అని వచ్చింది. లేచిండు, తానే తీసుకున్నడు, అండ్లనే పోయించుకొని తాగిండు.

తెల్లారి పోలీసు పటేలు గూడ గదే కావాలన్నడు. ఆ మర్నాడు పట్వారి. నాలుగొద్దులల్ల మంథనంత నీలం అంచే. పింగాణిల పోస్తే "నన్నేమనుకుంటున్నవ్" అని మీదికి వస్తుండ్రు. ఇగ ఏంజేస్త? నీలం అంచువి లోపట పెట్టిన, పింగాణి కప్పులు మేకుకు తగిలిచ్చిన.

ఇప్పుడు మీ వాడోళ్లు పట్వారి తాగిన పింగాణిల తాగుతుండ్రు. నీ బిడ్డకు గూడ పింగాణి కప్పే ఇస్త. నీ చేతులకెళ్లి గుంజుకున్ననని తిట్టినవు గద, గదే కప్పు. ఇంకేం కావాలె? ఒక మంచిమాట రాయి.

బుచ్చిరాములు

తా.క.: మా ఇంటామె లస్మవ్వ ఒకటే అడుగుతుంది. గిర్దావరు సాబు ముట్టకముందు ఇరవై దినాలు ఆ గిలాసలల్ల మీ వాడోళ్లే తాగిన్రు గద, మరి పట్వారికి ఏం కాలేదేందని. నోర్మూసుకొమ్మన్న. నువ్వు గూడ ఎవరికి చెప్పకు. సాబు అయితే జర ఒళ్లు చేసిండు.


బెల్లంపల్లి,
26 మే 1957

మేకును నమ్ముకున్న బుచ్చిరాములు సేటుకు,

మంచిమాట కావాలా? ఇంకో నెలయితే నిన్ను మా సంఘానికి ఉపన్యాసకుడిగా పిలుస్తాను. నేను ఇరవై ఏండ్లుగా అరిచి చెప్పలేనిది నువ్వు నాలుగు రోజుల్లో చేసి చూపించావు. నిన్న అంటరాని గిలాస నేడు స్పెషల్. నిన్నటి గౌరవం నేడు గుమ్మం బయట. గిలాసలో ఏమీ లేదు సేటూ. ఏ గిలాస ఎక్కడ వేలాడితే దానికి ఆ కులం. మనుషులకూ అంతే.

అయితే నువ్వు గిలాసలు మార్చావు, మేకును మాత్రం కదిలించలేదు. బంగారు గిన్నె తగిలించినా నా బిడ్డ ఆ మేకు కింద నిలబడి తాగదు.

బతిమాలడం అయిపోయింది. రేపటి నుంచి మా వాడలో ఎవరూ నీ చాయ తాగరు. నీ పొయ్యికి కట్టెలు మోసే లింగవ్వ, ఐలవ్వ రారు. జూన్ పదిన నలభై మంది గని కార్మికులతో నేనే బస్సు దిగుతాను.

యుద్ధానికి సిద్ధంగా ఉన్న
రాయమల్లు

తా.క.: బాలలక్ష్మి మన ఉత్తరాలన్నీ చదివింది. ఇద్దరి చేతిరాతా ఘోరమంది. నీదే ఎక్కువ ఘోరమని నా అభిప్రాయం. నన్ను మాత్రం రావద్దంటోంది. నేను వింటానా?


మంథని,
10 జూన్ 1957

రాయమల్లన్నకు దండం,

నువ్వు పదకొండు గంటల బస్సుకు నలభై మందితోని వస్తవని భయానికి నేను పొద్దుగాల్నే గోడ చాటున నిలబడ్డ. నీ బిడ్డ ఎనిమిది గంటల బస్సుకే ఒక్కతే దిగింది. నీకు చెప్పకుండనే ఒక పూట ముందుగాల బయలెల్లిందట.

కట్టెలు లేక పాత తలుపు పలగ్గొట్టి పొయ్యిల పెట్టిన, ఇల్లంత పొగ. ఆ పొగల వచ్చి, పట్వారి ఎదురుంగ బల్ల మీద కూసున్నది. నేను ఇంక ఏం అడగనే లేదు. హోటలంత ఇనవడేటట్టు తానే చెప్పింది: "నేను మాదిగ రాయమల్లు బిడ్డను. తల నొస్తుంది. ఒక చాయ ఇయ్యుండ్రి."

అందరి మొకాలు నా దిక్కు తిరిగినయి. అన్నా, నిజం చెప్తున్న, నా చెయ్యి లేవలే. మేకు దిక్కు గూడ పోలే, నీలం అంచు దిక్కు గూడ పోలే. లోపటికెళ్లి లస్మవ్వ వచ్చి, నీలం అంచు గిలాసల చాయ పోసి ఆమె ముంగట పెట్టింది. పట్వారి తన గిలాస చూసిండు, ఆమె గిలాస చూసిండు. రెండూ ఒక్కతీరుగనే ఉండె. దించితే స్పెషల్ వద్దన్నట్టు, తాగితే ఆమెతోని కలిసి తాగినట్టు. చానసేపు ఆలోచించి తాగేసిండు.

నీ బిడ్డ మాత్రం ముట్టలే. "ఒక్కరోజు నాకు ఇచ్చుడు కాదు. ముందు రాసుకోండ్రి, తర్వాత తాగుత" అన్నది. బడి పోరన్ని కూసోబెట్టినట్టు కూసోబెట్టి రాయించింది. నకలు నువ్వు బస్సు దిగంగనే నీ చేతికియ్యమన్నది. నాలుగోది వినంగనే నాకు నవ్వొచ్చింది. ఐదోది చెప్పింది, నవ్వు ఆగింది.

నువ్వు ఇయ్యాళ వచ్చేసరికి ఆమె బడికి పోతది. పని మొదలుపెట్టిన.

ఇట్లు, సుత్తె చేతిల పట్టుకొని
బుచ్చిరాములు

తా.క.: ఆమె రాయించినవి ఇవి.

1. ఆ మేకు ఇప్పుడే పీకాలి. గోడకు పడిన బొక్క పూడ్చాలి.

2. ఎవరు వచ్చినా లోపలే కూర్చోవాలి. ఏ గిలాసైనా ఎవరికైనా ఇవ్వాలి. కడగడం హోటలు పని. మీరేమిటోళ్లని ఎవరినీ అడగకూడదు.

3. లింగవ్వ, ఐలవ్వ మళ్లీ కట్టెలు తేవాలంటే వాళ్లకూ బల్ల మీదే చాయ ఇవ్వాలి.

4. ఇది బాపుకు. మన కులం కథ చెప్పుకుని బతికే డక్కలి మల్లన్న ఏటా మన గుమ్మం ముందుకు వస్తాడు. మనకన్నా తక్కువవాడని ఆయనను లోపలికి రానివ్వం. బయట నిలబెట్టి, పైనుంచి దోసిట్లో నీళ్లు పోస్తాం. సేటు దగ్గర మనకు మేకుకైనా ఒక గిలాస ఉంది. మన ఇంట్లో ఆయనకు అది కూడా లేదు. ఈసారి ఆయనను నీ కుర్చీలో కూర్చోబెట్టి, నీ గిలాసలో చాయ ఇవ్వాలి. నేను ఇంట్లో లేకపోయినా ఇవ్వాలి.

5. బాపు ఇంటి పని అయ్యేదాకా ఆగుతానని సేటు అనకూడదు. సేటు మేకు పీకేదాకా ఆగుతానని బాపు అనకూడదు.

6. ఇది రాసేలోపు చాయ చల్లారింది. వేడిది పోయాలి.