సుధాకర్ కట్టిన లేసు

శుక్రవారం, రాత్రి

సుధాకర్‌కి ఎముక అతుక్కుందట. ఇద్దరం ఒకే ప్రాజెక్టులో కోడ్ రాసి రాసి నడుములు పోగొట్టుకున్నాం. ఒకే డాక్టరు, వెన్నుపూసల మధ్య ఒకే రకం ప్లాస్టిక్ ముక్క. ఆపరేషన్ నాకే ముందు జరిగింది. పొగ తాగితే ఎముక అతుక్కోదని డాక్టరు చెప్తే నేను సిగరెట్లు మానేశాను. వాడు మానలేదు. అయినా మొన్నటి స్కాన్‌లో నాకింకా ఎముకల మధ్య ఖాళీయే కనిపించింది.

మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి వెళ్లాం. రాఫెల్స్ ప్లేస్ హాకర్ సెంటర్‌లో టేబుల్ చోప్ చేద్దామని, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపుకుందామని, టిష్యూ ప్యాకెట్ పెట్టబోతే చేజారి కిందపడింది. నేను బల్ల పట్టుకుని మోకాళ్లు వంచేలోపే వాడు చటుక్కున వంగి తీశాడు.

"నీ లేసు ఊడిందిరా, ఉండు," అంటూ నా బూటు లేసు కూడా కట్టాడు. "నెక్స్ట్ స్కాన్‌లో నీదీ అతుక్కుంటుందిలే, టెన్షన్ పడకు."

వాడి చొక్కా సిగరెట్ కంపు కొడుతోంది. థాంక్స్ అన్నాను. కానీ వాడి నడుములో ఆ ముక్క కదిలిపోతే బాగుండునని అనిపించింది, వాడింకా నా కాళ్ల దగ్గరే ఉండగా.

రోజూ రెండో కాలితో తోసి విప్పేసే బూటు ఇది. ఊడిపోకూడదని వాడు రెండు ముళ్లు బిగించాడు. వంగలేక, విప్పమని మా ఆవిడ సుజాతని అడగలేక, బూటుతోనే కూర్చుని ఇది రాస్తున్నాను.