ఆయన పేరుతో రాసిన జవాబులు

3 నవంబరు 2025, సోమవారం

కార్తీక సోమవారం. పొద్దుట్నుంచీ కటిక ఉపవాసం. ఉపవాసం రోజు అబద్ధం ఆడకూడదంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం మా ఆయన ఫోనులో ఫేస్‌బుక్ గ్రూపు తెరిచాను. 'ఉత్తరాంధ్ర పద్మిని ఓనర్స్'. నూట నలభై రెండు మంది మెంబర్లు. నోరు విప్పేది ముగ్గురు. ఒకప్పుడు ఆదివారం వచ్చిందంటే ఫోటోలే ఫోటోలు. కడిగిన పద్మిని కార్లు, ఎత్తిన బానెట్లు, పక్కన పెళ్లికొడుకుల్లా నిలబడ్డ మొగుళ్లు. ఇప్పుడు అడ్మిన్ ధనరాజ్ నెల్లిమర్ల నుంచి రోజూ పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతాడు. దానికి నేను దండం బొమ్మ పెడతాను. నేనంటే నేను కాదు. దేవేంద్ర, ఆమదాలవలస.

ఆయన పోయి మూడేళ్ల తొమ్మిది నెలలైంది. గ్రూపులో మాత్రం పోలేదు.

పోయిన నెలరోజులకి, ఎండవేళ, ఎవరో పార్వతీపురం అతను మెసేజ్ పెట్టాడు. సాలూరు ఘాట్ మీద కారు ఆగిపోయింది, చంటిపిల్లలున్నారు, దేవేంద్ర గారూ ఏం చెయ్యమంటారు అని. ఆయన పోయారండీ అని రాస్తే ఆ మనిషికి ఏం ఒరుగుతుంది? ఆయన రిపేర్లు రాసుకున్న నోటుబుక్కు తీసి వెతికాను. ఇంజిను పక్కనుండే పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆగాలి అని ఉంది. అదే రాశాను. కారు కదిలింది. దేవేంద్ర గారు దేవుడు అని రాశాడు. ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలీదు.

అంతే, అలవాటైపోయింది. కరోనా రోజులు కదా, గ్రూపు వాళ్లెవరూ చావుకి రాలేదు. వాళ్లకి చెప్పాలని నాకు తోచనూ లేదు. తర్వాత చెప్పే వీల్లేకుండా పోయింది. కారు కూడా లేదు. షెడ్డు గోడ కూలేలా ఉందని మా మరిది ఆ వేసవిలోనే పాత ఇనుము లారీకి ఎక్కించేశాడు. ఎవరైనా ఫోటో అడిగితే పాతది పెడతాను.

అమ్మయ్య, రాసేశాను.

5 నవంబరు

శృంగవరపుకోట లక్ష్ముడు ఆయన ఫోనుకి విడిగా మెసేజ్ పంపాడు! ఎనిమిదేళ్ల తర్వాత! ఒక్క అక్షరం లేదు. నలభై సెకన్ల ఇంజిను చప్పుడు.

గ్రూపులో ఇదొక పద్ధతి. కారుకి తేడా వస్తే బానెట్ ఎత్తి, ఫోను దగ్గర పెట్టి, చప్పుడు పంపేవారు. మా ఆయన కళ్లు మూసుకుని విని, ఫలానా చోట ఫలానాది అని చెప్పేవారు. రైల్వే గూడ్స్ ఆఫీసు క్లర్కుకి ఆ విద్య ఎలా వచ్చిందో. నాకైతే అన్నీ ఒకటే మోత.

అసలు ఈ మనిషికి ఎంత ధైర్యం! 2017లో గ్రూపంతా వెళ్లిన బొర్రా గుహల ట్రిప్పుకి ముందు మా ఆయన ఒకరోజంతా కూర్చుని ఇతగాడి కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి, బిగించి ఇచ్చారు. అన్నం తినలేదు ఆరోజు. ట్రిప్పులో ఘాట్ ఎక్కుతూ ఇతని కారు మొరాయించింది. వారం తర్వాత ఇతను గ్రూపులో అందరి ముందూ రాశాడు. నా మంచి కార్బురేటర్ కొట్టేసి, తన పాతది తగిలించాడు, దేవేంద్ర దొంగ అని. అంతకుముందు వరకు బావా బావా అని మా ఇంట్లో తిని చెయ్యి కడుక్కున్న మనిషి. ఆ తర్వాత మా ఆయన ఆదివారాలు కారు బయటికి తీయడం మానేశారు. మనిషే చిన్నబోయారు.

6 నవంబరు

ఆగలేక మెకానిక్ కూర్మయ్య షెడ్డుకి వెళ్లి ఆ చప్పుడు వినిపించాను. మూడుసార్లు విన్నాడు. ఏటీ నేదమ్మా, ఇంజిను బంగారంలాగున్నాది, మరెందుకు పంపినాడు అని నన్నే అడిగాడు.

ఎందుకు పంపాడో నాకు దారిలో అర్థమైంది, బావతో మళ్లీ మాట కలపడానికి ఇదో వంక. కోపం ఇంకా ఎక్కువైంది.

7 నవంబరు

జవాబు ఇవ్వలేదు. ఇవ్వను.

9 నవంబరు, ఆదివారం

గ్రూపులో పెట్టేశాడు, అందరూ చూసేలా. కారు ఇంజిను పనికి విప్పించాడట, అప్పుడే ఇంట్లో కార్బురేటర్ కొన్న పాత బిల్లు కూడా దొరికిందట. కార్బురేటర్ మీద నంబరూ, బిల్లు మీద నంబరూ ఒకటే. ఎవరూ ఏమీ మార్చలేదు. ఆరోజు ఘాట్‌లో కారు మొరాయించింది ట్యాంకులో మడ్డి వల్లట. బావా, తప్పు నాది, నా నోట్లో పురుగులు పడాలి, ఒక్క మాట రాయి అని రాశాడు. బిల్లు ఫోటో కూడా పెట్టాడు.

ఇప్పుడు దొరికిందా బిల్లు!

10 నవంబరు

మూడో కార్తీక సోమవారం. దీపం పెడుతున్నా వాడే గుర్తొస్తున్నాడు.

దేవేంద్ర లేడు అని ఒక్క ముక్క రాస్తే అయిపోతుంది. జీవితాంతం ఏడుస్తాడు. ఏడవనీ. కానీ అలా రాస్తే ఆయన అక్కడ కూడా పోతారు. పోనీ జవాబు రాద్దామంటే, ఆయనైతే ఏం రాస్తారో నాకు తెలుసు. ఆయన మర్చిపోలేదు. ఆఖరి దాకా మర్చిపోలేదు.

11 నవంబరు, ఉదయం 6.10

రాశాను. పోనీలే బావా, ఎప్పుడో మర్చిపోయాను.

11 నవంబరు, సాయంత్రం

అరవై లైకులు. ఎక్కడెక్కడి వాళ్లో లేచి వచ్చారు. రాజాం, బొబ్బిలి, పలాస. ఐదేళ్లుగా పలకనివాళ్లు పాత ఫోటోలు తవ్వి పెడుతున్నారు. ఒక దాంట్లో మా ఆయన ఉన్నారు, చేతులనిండా గ్రీజు, పక్కన లక్ష్ముడు ఆయన నోటికి బజ్జీ అందిస్తున్నాడు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. నా దగ్గర అలా నవ్వేవారు కాదు.

పొద్దున్న రాసిన మాటకి సిగ్గేసింది. ఆయన్ని అడక్కుండా ఆయన కోపాన్ని ఇచ్చేశాను. ఆయనకి మిగిలింది అదొక్కటే.

14 నవంబరు

ఆదివారం లక్ష్ముడూ ధనరాజూ మా ఇంటికి వస్తున్నారట. లక్ష్ముడికి చూపు పోతోందట, రెండు కళ్లూ. మెసేజ్‌లు కూడా ఎవరిచేతో పెట్టిస్తున్నాడట. ఇక నడపలేక కారు ధనరాజ్‌కి ఇచ్చేస్తున్నాడు. ఇచ్చే ముందు బావ ఒక్కసారి బానెట్ దగ్గర నిలబడి ఇంజిను విని, బాగుంది అనాలట. ఫోనులో కాదు, ఎదురుగా.

వద్దని రాద్దామనుకున్నాను. ఊళ్లో లేనని, ఒంట్లో బాలేదని. రాసి, చెరిపేశాను.

15 నవంబరు

గుమ్మం కడిగాను. ఏమని చెప్పాలో తెలీదు.

16 నవంబరు, ఆదివారం

పదకొండుకి హారన్ వినబడింది. గుమ్మంలోకి వచ్చాను.

ధనరాజ్ నడుపుకొచ్చాడు. లక్ష్ముడు అతని చెయ్యి పట్టుకుని దిగాడు. ఎనిమిదేళ్లు నేను తిట్టుకున్న మనిషి బాగా ఒళ్లున్నవాడు. ఈ వచ్చినవాడు బక్కచిక్కి, మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటున్నాడు. బావా, ఏటి లోపల కూకున్నావు, రా బయిటికి అని అక్కడి నుంచే కేకేశాడు.

హాల్లో ఫోటోకి దండ ఉంది. ధనరాజ్ చూసి అలా నిలబడిపోయాడు. లక్ష్ముడికి కనబడలేదు.

ఆయన లేరన్నయ్యా అన్నాను. బజారుకెల్లినాడా, పర్నేదు, కూకుంటాను అన్నాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పోయారు, ఇరవై రెండులో, ఫిబ్రవరి ఆరున అని.

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మరైతే ఆ మాట రాసిందెవులు సెల్లీ అన్నాడు.

నేనే అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆడు అంత బేగి కోపం ఒగ్గే మనిషి కాడని అనుకున్నాన్సుమీ అన్నాడు. అయినా వొయిసైపోనాది, మెత్తబడ్డాడేమో అనుకుని ఐదు రోజులు సుకంగా పడుకున్నాను సెల్లీ అన్నాడు. తర్వాత అడిగాడు. నిజం సెప్పు, ఆడు నన్నేటన్నాడు.

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మిమ్మల్నే తలుచుకునేవారు అందామనుకున్నాను. ఆ గుడ్డి కళ్లు చూసి అనలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రిలో ఆఖరి రెండు రోజులూ ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, నేను మార్చలేదు, నేను మార్చలేదు అంటూనే ఉన్నారు. నర్సుకి అర్థంకాక దుప్పటి మార్చింది. నేనూ మిమ్మల్ని క్షమించలేదు, ఆ మాట రాస్తున్నప్పుడు కూడా క్షమించలేదు అని అదీ చెప్పేశాను. చెప్పి భోరుమన్నాను. ఆయన పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

లక్ష్ముడు లేచి, ఫోటో దగ్గరికి తీసుకెళ్లమని ధనరాజ్‌ని అడిగాడు. అద్దం మీద చెయ్యి పెట్టి తడిమాడు. జేబులోంచి ఆ బిల్లు తీసి ఫోటోకి ఎదురుగా పట్టుకున్నాడు. నంబరొకటే బావా, నువ్వు మార్సనేదు అన్నాడు. మూడుసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా కాసేపు ఆగాడు, జవాబు వస్తుందేమోనని. వెనక నిలబడి నేను నోరు మూసుకున్నాను.

పులిహోర చేశాను. ఎవరూ ముట్టలేదు. వెళ్తూ లక్ష్ముడు నా వైపు కాకుండా తలుపు వైపు తిరిగి దండం పెట్టాడు. అతనికి నేనెక్కడ ఉన్నానో తెలీలేదు.

17 నవంబరు

ధనరాజ్ గ్రూపులో పెట్టాడు, దేవేంద్ర గారు ఇక లేరు అని. ఎప్పుడు పోయారో రాయలేదు. మంచివాడు. ఓం శాంతి అని డెబ్బైమంది. సాయంత్రానికి అంతా సద్దుమణిగింది. గుడ్ మార్నింగ్ కూడా లేదు.

20 నవంబరు

ఆయన ఫోనుకి లక్ష్ముడు గారి నుంచి మెసేజ్ వచ్చింది. నాకు కాదు, ఆయనకి. నేను తెరవలేదు.